మౌల్డ్ వదలని ఎనిమిది పీసులు: నల్లగొండ వర్క్‌షాపులో ఒక రెజిన్ కేసు

ఆర్డరు పెళ్ళివాళ్ళది. పెళ్ళి దండల్లోని పూలతో గుండ్రటి దిమ్మ ఒకటి, పోచంపల్లి ఇక్కత్ గుడ్డ ముక్కలు లోపల పెట్టిన టీ కోస్టర్లు ఆరు, నీలం బంగారు రంగుల్లో పొడవాటి ట్రే ఒకటి. మొత్తం ఎనిమిది పీసులు. పని జరిగింది నల్లగొండలో, ఇంటి వెనక రేకుల షెడ్డులో, జనవరి రెండో వారంలో. రెండు ద్రవాలు కలిపి పోస్తే గట్టిపడే ఎపాక్సీ రకం రెజిన్ కిట్ ఒక్కటే: ఎ సీసాలో 1 కిలో రెజిన్, బి సీసాలో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ 500 గ్రాములు. కలిపే పాళ్ళు బరువు లెక్కన 2:1. ఒక్క పోతలో 1 సెంటీమీటరు మందం దాటొద్దని లేబుల్ మీదే ఉంది. అన్నీ ఒకే సాయంత్రం 6 నుంచి 8 గంటల మధ్య సిలికాన్ మౌల్డుల్లో, అంటే రబ్బరులా వంగే అచ్చుల్లో, పోశారు. 36 గంటలయ్యాక తీయబోతే ఒక్క పీసూ రాలేదు.

మొదట చెయ్యి పడింది కోస్టర్ మీద. మౌల్డ్ అంచు వంచగానే రెజిన్ జీడిపాకంలా సాగింది. సాయం చేస్తున్న అమ్మాయి, "అక్కా, జర గట్టిగ గుంజితే వస్తది" అంది. "ఆగు, గుంజకు. మౌల్డ్ చినుగుతది" అని వర్క్‌షాపు ఆమె ఆపేసింది. ఆ ఆపడం వల్లనే ఈ కేసు రాయడానికి పనికొచ్చింది. ఎందుకంటే ఎనిమిదీ పట్టుకున్నాయి గానీ, పట్టుకున్న కారణం ఒక్కటి కాదు, మూడు. మూడింటికీ చేయాల్సిన పని వేరు. ఒకదానికి పనికొచ్చే ఉపాయం ఇంకోదాన్ని పాడుచేస్తుంది. లాగడం మాత్రం మూడింటికీ చేటే.

చలి మీద పడిన నింద

"చలికి గట్టిపడలేదు" అన్నది మొదటి అనుమానం. అందులో న్యాయం లేకపోలేదు. లేబుల్ మీద 24 గంటలు అని రాసేది 25 డిగ్రీల గదికి. ఆ షెడ్డులో పోసేటప్పుడు 24 డిగ్రీలు, తెల్లవారుజామున 17. ఎపాక్సీకి ఒక మోటు లెక్క ఉంది: వేడి 10 డిగ్రీలు తగ్గితే గట్టిపడే సమయం దాదాపు రెట్టింపవుతుంది. ఆ లెక్కన పీసులు ఇంకా కొంచెం పచ్చిగా ఉండడంలో వింత లేదు.

కానీ ట్రే గోరుకి లొంగలేదు. అదే గది, అదే కిట్, మందం కూడా కోస్టర్లకిలాగే 8 మిల్లీమీటర్లు. చలే కారణమైతే రెండూ ఒకేలా పచ్చిగా ఉండాలి. ఇక దిమ్మ సంగతి చూస్తే, రాయిలా గట్టిపడి కూడా మౌల్డ్‌ని వదలడం లేదు. దాంతో చలి మాట పక్కన పెట్టాల్సొచ్చింది.

ఇలాంటప్పుడు ముందు చేయాల్సింది గోరు పరీక్ష. పీస్ తెరిచి ఉన్న వైపు, అంచు దగ్గర, కనిపించని చోట బొటనవేలి గోటితో 5 సెకన్లు నొక్కాలి. గుంట పడి అలాగే ఉంటే పచ్చి. పడి మెల్లగా పూడితే సగం పండింది, ఇంకొన్ని గంటలు ఆగాలి. పడకపోతే రెజిన్ తప్పు లేదు, పట్టు ఇంకెక్కడో ఉంది. నాలుగైదు చోట్ల నొక్కి చూడాలి. ఒక మూల గట్టిగా, ఇంకో మూల జిగటగా ఉంటే సరిగ్గా కలపలేదని అర్థం: కప్పు అడుగునా గోడలకీ అంటుకున్న కలవని రెజిన్‌ని గీకి మౌల్డ్‌లో వేశారన్నమాట. అంతటా ఒకేలా మెత్తగా ఉంటే పాళ్ళ తప్పో, చలో. ఈ ఆరు కోస్టర్లూ అంతటా ఒకేలా మెత్తగా ఉన్నాయి.

కోస్టర్లు: సీసాలు చెప్పిన సాక్ష్యం

ట్రేకీ దిమ్మకీ రెజిన్‌ని కాంటా మీద తూచారు. కోస్టర్ల దగ్గరికొచ్చేసరికి కాంటా బ్యాటరీ అయిపోయింది. మిల్లీలీటర్ గీతలున్న ప్లాస్టిక్ కప్పుతో రెండు కప్పులు ఎ, ఒక కప్పు బి చొప్పున కొలిచి పోశారు. చూడ్డానికి అదీ 2:1 లాగే ఉంటుంది. కానీ రెజిన్ బరువైన ద్రవం, మిల్లీలీటరుకి దాదాపు 1.15 గ్రాములు. హార్డెనర్ తేలిక, దాదాపు 0.97. కొలతలో 200కి 100 పోస్తే తూకంలో పడేది 230కి 97. పడాల్సింది 115. అంటే హార్డెనర్ ఆరో వంతు తక్కువ.

ఈ మాట ఊహగా వదిలేయలేదు. బ్యాటరీ మార్చి, కిట్‌లో మిగిలిన రెండు సీసాలనీ తూచి, పాత ఖాళీ సీసాల బరువు తీసేసి చూశారు. ఎ సీసాలో దాదాపు 25 గ్రాములు మిగిలింది, బి సీసాలో 35. ఎ లో 975 గ్రాములు వాడితే బి లో 487 వాడి ఉండాలి, మిగలాల్సింది 12 లేదా 13. అంటే 22 గ్రాములకు పైగా హార్డెనర్ కలవకుండా ఉండిపోయింది. ఆరు కోస్టర్లకి పోసిన మొత్తం మిశ్రమం దాదాపు 420 గ్రాములు. అందులో ఎ 295 అనుకుంటే బి 147 పడాలి, కప్పు కొలతతో పడింది 124. రెండు లెక్కలూ కలిశాయి. బరువు లెక్కన అమ్మే కిట్‌లో రెండు సీసాలూ దాదాపు ఒకేసారి అయిపోవాలి. ఏదో ఒకటి ఎక్కువ మిగిలిందంటే ఎక్కడో ఒక పోతలో తప్పు జరిగిందని తెలుసుకోవాలి. రెజిన్ పని చేసేవాళ్ళు ఖాళీ సీసా పారేసే ముందు ఒక్కసారి తూచే అలవాటు చేసుకుంటే ఎన్నో పీసులు దక్కుతాయి.

చలికి పచ్చిగా ఉన్న పీస్‌ని వేడి పెట్టి పండించొచ్చు. పాళ్ళు తప్పిన పీస్ ఎన్ని రోజులున్నా పూర్తిగా పండదు, ఎందుకంటే రెజిన్‌తో చేతులు కలపాల్సిన హార్డెనరే అందులో లేదు. ఈ రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి కాబట్టి తేల్చుకోవడానికి వేడి పెట్టె వాడారు: అట్టపెట్టె, ఒక మూల పాతరకం 60 వాట్ల బల్బు, ఇంకో మూల థర్మామీటరు. 35 డిగ్రీల దగ్గర ఉంచి 12 గంటలు. బల్బు అట్టకీ మౌల్డ్‌కీ జానెడు దూరంలో ఉండాలి, మనిషి దగ్గర లేకుండా వెలిగించి వదిలేయొద్దు. 12 గంటల తర్వాత సాగడం తగ్గింది గానీ గోరు గుంట పోలేదు. పాళ్ళ తప్పని తేలిపోయింది.

ఇక పీసులు ఎలాగూ పోయినట్టే. దక్కించుకోవాల్సింది మౌల్డుల్ని. పచ్చి రెజిన్‌ని అలాగే లాగితే సగం మౌల్డ్‌లో ఉండిపోతుంది. ఒక్కో మౌల్డ్‌ని ఫ్రీజర్‌లో 15 నిమిషాలు పెట్టి, తీసిన నిమిషంలోపు వెనక్కి తిరగేసినట్టు వంచితే కోస్టర్ పలకలా పట్ మని ఊడొచ్చింది. నిమిషం దాటితే మళ్ళీ మెత్తబడుతుంది కాబట్టి ఒక్కటొక్కటే తీయాలి, ఆరూ కలిపి బయట పెట్టుకోవద్దు.

ఈ ఫ్రీజర్ ఉపాయానికి చాలామంది చెప్పే కారణం తప్పు. "చల్లబడితే పీస్ చిన్నదై మౌల్డ్ నుంచి వదులవుతుంది" అంటారు. గాజు, ఇనుము లాంటి గట్టి అచ్చుల్లో అది నిజమే, వాటికన్నా ఎపాక్సీ ఎక్కువ ముడుచుకుంటుంది. సిలికాన్ మాత్రం చలికి ఎపాక్సీ కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ ముడుచుకుని, పీస్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఫ్రీజర్ పనిచేసేది మెత్తటి రెజిన్‌ని కాసేపు గట్టిపరుస్తుంది కాబట్టి. అందుకే పచ్చిగా ఉన్న పల్చటి పీసులకి అది మందు. బాగా పండిన మందపాటి దిమ్మని ఫ్రీజర్‌లో పెడితే లాభం లేకపోగా, లోపలి పూల చుట్టూ పగుళ్ళు రావొచ్చు.

మౌల్డ్ అడుగున మిగిలిన జిగటని స్పిరిట్ పెట్టి రుద్దలేదు. కొత్తగా, సరైన పాళ్ళలో కలిపిన రెజిన్‌ని పల్చటి పొరగా పోసి పూర్తిగా పండనిచ్చారు. మర్నాడు ఆ పల్చటి బిళ్ళ పాత జిగటనంతా తనతో పట్టుకుని వచ్చింది. 12 గ్రాముల చొప్పున 6 మౌల్డులకీ 72 గ్రాముల రెజిన్ ఖర్చు, ఆరు మౌల్డులూ దక్కాయి.

దిమ్మ: వేడి అతికించిన పట్టు

15 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల లోతు. పూలు పోను 620 గ్రాముల రెజిన్ పట్టింది. తూకం సరిగ్గా ఉంది, కలపడమూ బాగుంది. తప్పు ఒక్కటే: 1 సెంటీమీటరు దాటొద్దన్న రెజిన్‌ని 4 సెంటీమీటర్లూ ఒక్క పోతలో నింపేశారు.

ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. పల్చటి పొరలో అది గాలికి పోతుంది. మందపాటి ముద్దలో పోయే దారి లేక నడిమధ్యన పేరుకుంటుంది. వేడెక్కిన రెజిన్ ఇంకా తొందరగా గట్టిపడుతుంది, దాంతో ఇంకా వేడి. గంటన్నరకే మౌల్డ్ గోడ చెయ్యి పెట్టలేనంత కాగిందని ఆ రాత్రే గమనించారట. అప్పుడే ఫ్యాన్ కింద, చల్లటి గ్రానైట్ పలక మీద పెట్టి ఉంటే కొంత నయం. హార్డెనర్‌లోని అమైన్లు అనే రసాయనాలకి ఆ వేడి తోడైతే సిలికాన్ పైపొర దెబ్బతిని, రెజిన్‌తో అతుక్కుపోతుంది. మెరిసే కొత్త మౌల్డ్ కూడా ఒక్క పోతతో మసకబారుతుంది.

దీన్ని గుర్తుపట్టడానికి ఒక పద్ధతి ఉంది. మౌల్డ్ అరపారదర్శకంగా ఉంటే వెనక్కి తిప్పి వెలుగులో చూడాలి. వదిలిన చోట మధ్యలో గాలి చేరి వెండిలా తెల్లగా మెరుస్తుంది. పట్టుకున్న చోట తడిసినట్టు నల్లగా ఉంటుంది. ఈ దిమ్మకి గోడలన్నీ వెండిరంగు, అడుగు నడిమధ్య మాత్రం అరచేతంత నల్లటి మచ్చ. సరిగ్గా వేడి ఎక్కువైన చోటే.

అక్కడ కింది నుంచి బొటనవేళ్ళతో తోస్తే సిలికాన్ చిరిగి, దాని తోలు పీస్‌కి అంటుకుని వస్తుంది. ఇక మౌల్డ్ మీద ఆశ వదులుకోవడమే మంచిది. కట్టర్‌తో గోడని ఎదురెదురుగా రెండు చోట్ల, బ్లేడు మొన దిమ్మకి తగలకుండా బయటినుంచి లోపలికి కోసి, గోడల్ని కిందికి మడిచి, అడుగుని అంచు నుంచి మధ్యకి అరటితొక్క ఒలిచినట్టు ఒలిచారు. నడిమధ్య తెల్లటి సిలికాన్ పొర అతుక్కునే ఉంది. దాన్ని బొటనవేలితో నలిపి, తర్వాత నీళ్ళతో 320 నంబరు వాటర్‌పేపర్, ఆపై 600, 1000, 2000 వరుసగా పట్టారు. ఇక్కడ ఇసుమంత సిలికాన్ మిగిలినా పైన మళ్ళీ వేసే రెజిన్ కోటు చేపకళ్ళలా గుంటలు పడి విడిపోతుంది. అందుకే కోటు వేయకుండా పాలిష్‌తోనే మెరుగు తేవాలి, లేదా తోలంతా పోయేదాకా 320 తోనే ఓపిగ్గా అరగదీయాలి. పొడి దుమ్ము ఊపిరికి మంచిది కాదు, తడిపి రుద్దడమే పద్ధతి, ఎన్95 మాస్కు తప్పదు.

దిమ్మ బయటికొచ్చింది గానీ మల్లెలు గోధుమరంగుకి తిరిగిపోయాయి, చేమంతులు కొంత నయం. ఎండబెట్టిన పూలలో సగం పక్కన దాచి ఉంచడం వల్ల రెండో దిమ్మ పోయగలిగారు. పెళ్ళి పూలు మళ్ళీ దొరికేవి కావు. మొత్తం పూలని ఒక్క పోతకి వాడేయడం ఎవరూ చేయకూడని పని.

ట్రే: గట్టిగా పండినా రానిది

30 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు, 400 గ్రాముల పోత. గోరు దిగదు, జిగట లేదు. మరెందుకు పట్టుకుంది? వెనకవైపు అంచుమీద వేలు తిప్పితే తెలిసింది. మౌల్డ్ గట్టు దాటి రెజిన్ కొంచెం పొంగి, గట్టు పైన కాగితమంత పల్చగా పరుచుకుని గట్టిపడింది. ఆ రెప్ప మౌల్డ్‌ని చుట్టూ గొళ్ళెంలా పట్టుకుంది. షెడ్డులో బల్ల ఒక పక్కకి వాలి ఉండడంతో పొంగు అంతా ఒక్క వైపే.

రెప్పని పక్కకి పీకకూడదు, పీకితే ట్రే అంచు పెళుసుగా విరిగి పెంకులేస్తుంది. చిన్న కత్తెర మొనతో, మౌల్డ్ గట్టుకి సమంగా కత్తిరిస్తూ చుట్టూ తిరిగారు. తర్వాత నాలుగు గోడల్నీ ఒక్కో వేలెడు చొప్పున బయటికి లాగి వదిలారు. గోడలు వదిలాయి, అడుగు మాత్రం గాలి చొరక చప్పరించినట్టు పట్టుకునే ఉంది. ఇంత వెడల్పు చదునైన పీసులకి ఇది మామూలే.

అప్పుడు వాడింది సైకిలు పంపు, దానికి ఫుట్‌బాల్‌కి గాలి కొట్టే సూది. మూల దగ్గర గోడని వంచి, సూదిని సిలికాన్‌కీ ట్రేకీ మధ్య ఒక అంగుళం జొనిపి, చేత్తో గోడని మూసి పట్టుకుని రెండు దెబ్బలు కొట్టారు. మౌల్డ్ అడుగు పొక్కులా ఉబ్బి, వెండిరంగు ఆ మూల నుంచి ఈ మూలకి నీళ్ళు పాకినట్టు పాకింది. మూడో దెబ్బకి ట్రే చేతిలోకొచ్చింది. సూది మొన గీతలు పడకుండా దానిమీద ప్లాస్టర్ టేపు ఒక చుట్టు వేయాలి. పంపు లేకపోతే రెండు మూడు చుక్కలు గిన్నెలు తోమే సబ్బునీళ్ళు అంచులోకి వదిలి, మెల్లగా గోడలు కదిపినా వస్తుంది, టైము ఎక్కువ పడుతుందంతే.

ఈ ట్రే మౌల్డ్ అప్పటికే ముప్పై పోతలు దాటింది. ఒక్కో పోతకీ సిలికాన్‌లోని నూనె గుణం కొంత పోతూ ఉంటుంది. అద్దంలా మెరిసే చోట్లు మసకబారడం మొదలైతే రోజులు దగ్గరపడ్డట్టే. అలాంటి మౌల్డుకి సిలికాన్ రిలీజ్ స్ప్రేని పల్చగా కొట్టి, మెత్తటి గుడ్డతో తుడిచేసి, 10 నిమిషాలు ఆరనిచ్చాక పోయాలి. కొట్టిన స్ప్రే తుడవకుండా వదిలేస్తే రెజిన్ ముఖమంతా చుక్కలు పడుతుంది. కొబ్బరినూనె రాసే అలవాటు కొందరికి ఉంది. 24 డిగ్రీలు దిగాక కొబ్బరినూనె పేరుకుంటుంది కదా, జనవరి రాత్రి ఆ పేరిన చారలన్నీ పీస్ మీద అచ్చుపడతాయి.

రెండో పోత

కాంటాకి కొత్త బ్యాటరీ, పక్కన ఇంకో జత. కోస్టర్లకి ఎ 280, బి 140 గ్రాములు తూచి, గోడలూ అడుగూ గీకుతూ 4 నిమిషాలు మెల్లగా కలిపి, ఇంకో శుభ్రమైన కప్పులోకి మార్చి మరో నిమిషం కలిపారు. కప్పు మార్చడం చాలామంది దండగ అనుకుంటారు, జిగట మచ్చలకి అదే విరుగుడు. చలికి చిక్కబడిన ఎ సీసాని మూత బిగించి గోరువెచ్చటి నీళ్ళలో 10 నిమిషాలు ఉంచితే బుడగలు కూడా తగ్గాయి. ఇక్కత్ ముక్కలకి ఒక రోజు ముందే రెండు వైపులా బ్రష్‌తో పల్చగా రెజిన్ పూసి ఆరబెట్టారు, లేకపోతే నూలు గాలి వదులుతూనే ఉంటుంది. గుడ్డ వెనక తెల్లరంగు కలిపిన పొర కూడా వేశారు, రెజిన్ తడి తగిలితే గుడ్డ అరపారదర్శకమై రంగులు నల్లబడతాయి కాబట్టి.

దిమ్మని 1 సెంటీమీటరు చొప్పున నాలుగు పొరల్లో పోశారు. కింది పొర వేలు పెడితే అచ్చు పడేలా, గ్లౌజుకి మాత్రం అంటుకోకుండా ఉన్నప్పుడు పైపొర. ఆ చలిలో ఒక్కో పొరకీ 6 గంటలు పట్టింది. మొదటి పొరలోనే పూలని కూర్చోబెట్టారు, లేకపోతే పైకి తేలతాయి.

బల్లకి రసమట్టం పెట్టి, కాళ్ళ కింద అట్టముక్కలతో సరిచేశారు. మౌల్డుల్ని గట్టు కన్నా వెంట్రుకవాసి తక్కువగానే నింపారు. నల్లగొండ బోరునీళ్ళ ఉప్పదనం ఇక్కడ గుర్తుంచుకోవాలి: మౌల్డ్‌ని కడిగి అలాగే ఆరబెడితే తెల్లటి చుక్కలు పేరుకుని పీస్ మీద మసక మచ్చలౌతాయి. సబ్బుతో కడిగాక చివరి కడుగు ఫిల్టర్ నీళ్ళతో. పోసే రోజు స్పిరిట్ తుడుపు వద్దు, అది సిలికాన్‌ని ఎండగడుతుంది. థిన్నర్, పెట్రోలు అసలే వద్దు, సిలికాన్ వాటిని పీల్చి ఉబ్బిపోతుంది.

30 డిగ్రీల పెట్టెలో 26 గంటలకి కోస్టర్లు, రెండు రోజులకి దిమ్మ, ఒక్కటీ లాగకుండానే వచ్చాయి. తీసిన కోస్టర్లని బటర్ పేపర్ పరిచిన టైల్ మీద చదునుగా 48 గంటలు ఉంచారు, అప్పుడే తీసిన పీస్‌ని నిలువుగా ఆనించి పెడితే వంగిపోతుంది.

ప్యాకింగ్ మాత్రం ఏడో రోజు దాకా చేయలేదు. పూర్తిగా పండకుండా బబుల్ ర్యాప్ చుడితే ఆ బుడగల అచ్చు ముఖం మీద పడి పోదు. ఆర్టీసీ కార్గోలో పంపేటప్పుడు పీస్‌కి ముందు బటర్ పేపరు, దాని మీద బబుల్ ర్యాప్ చుట్టారు. కోస్టర్లతోపాటు ఒక చీటీ కూడా పెట్టారు: మామూలు ఆర్ట్ రెజిన్ 50 డిగ్రీల దరిదాపుల్లోనే మెత్తబడుతుంది, పొయ్యి మీది గిన్నె పెట్టొద్దు, ఎండాకాలం కారులో వదిలేయొద్దు.